బల్ల చివర కూర్చున్నవాడు

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. బొబ్బిలి నుంచి నువ్వు పంపిన వ్యాసం నిన్న మధ్యాహ్నం అందింది. మెక్సికో దర్శకుడు గిల్లెర్మో డెల్ టోరో తీసిన పదమూడు సినిమాలనూ వరుసలో నిలబెట్టి, ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలు వేసి, ఒక్కోదానికి ఒక్కో పేరా రాశావు. రాత్రి భోజనమయ్యాక రెండుసార్లు చదివాను. పొద్దున్నే పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీ వ్యాసంలో నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన వాక్యం ఒకటుంది. తొమ్మిదో పేజీలో 'పాన్స్ లాబిరింత్' గురించి చెబుతూ, దాన్ని కుండలీకరణాల మధ్య పెట్టి దాచేశావు. "మా నానమ్మ కూడా పక్కన కూర్చుని చూసింది. ఆ పిల్ల ద్రాక్షపండు అందుకోగానే, పాపం ఎన్నాళ్ళ ఆకలో, అంది." అంతే. ఆ వెంటనే ఆ సినిమాకు ఛాయాగ్రహణానికి, కళా దర్శకత్వానికి, మేకప్‌కు మూడు ఆస్కార్లు వచ్చాయని ఆరు వరుసలు రాశావు. అమ్మా, ఆ మూడు ఆస్కార్ల సంగతి పాఠకుడికి ఎక్కడైనా దొరుకుతుంది. మీ నానమ్మ అన్న మాట నువ్వు రాయకపోతే ఇంకెక్కడా దొరకదు. నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి.

ఆ దృశ్యాన్ని ఒకసారి నాతో పాటు మళ్ళీ చూడు. ఆ పిల్ల, ఒఫీలియా, సుద్దముక్కతో గోడ మీద తలుపు గీసి లోపలికి దిగుతుంది. పొడుగాటి బల్ల. బల్ల నిండా పళ్ళు, మాంసం, మిఠాయిలు. చివర కుర్చీలో చర్మం వేలాడుతున్న ఆ ఆకారం కదలకుండా కూర్చుని ఉంటుంది. ముఖంలో కళ్ళు లేవు, ఎదుట పళ్ళెంలో ఉన్నాయి. ఒక పక్కన పిల్లల చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఏదీ తినొద్దని ముందే చెప్పారు. ఆ పిల్ల రెండు ద్రాక్షపళ్ళు తింటుంది. అప్పుడు ఆ ఆకారం కళ్ళు తీసి అరచేతుల్లో పెట్టుకుని, చేతులు ముఖానికి ఆనించుకుని చూడడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు అదే సినిమాలో ఇంకో బల్ల గుర్తు తెచ్చుకో. ఒఫీలియా సవతి తండ్రి కెప్టెన్ విదాల్ ఇచ్చే విందు. ఊరి పెద్దలు, పూజారి కూర్చుని తింటుంటారు. కెప్టెన్ కూడా బల్ల చివరే కూర్చుంటాడు. అక్కడ మాట్లాడుకునేది రేషన్ గురించి. కొండల్లో ఉన్న తిరుగుబాటుదారులకు గింజ అందకుండా ఇంటికి ఇచ్చేది తగ్గించాలని నిర్ణయిస్తారు. కాలం 1944, స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసి అయిదేళ్ళు. అడుగున ఒక బల్ల, పైన ఒక బల్ల. రెండు బల్లల నిండా తిండి. ఆకలితో ఉన్నవాళ్ళు చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. రేషను బియ్యం కోసం వరుసలో నిలబడిన తరం మీ నానమ్మది. దర్శకుడు రెండు బల్లలు వేసి చెప్పిన సంగతిని ఆవిడ ఒక్క ముక్కలో పట్టేసింది. నువ్వు విని కూడా పక్కన పెట్టావు.

పోల్చడం అంటే నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇదే. ఒక వస్తువును పట్టుకో. బల్ల కావచ్చు, గడియారం కావచ్చు, తలుపు కావచ్చు. అది ఒక సినిమాలో ఏం చేసిందో, ఇంకో సినిమాలో ఏం చేసిందో పక్కపక్కన పెట్టి చూపించు. "దీనికన్నా అది లోతైనది" అని నువ్వు పద్నాలుగు చోట్ల రాశావు, లెక్కపెట్టాను. లోతు అనే మాటను చూపించడానికి వీలు లేదు. చెప్పుల గుట్టను చూపించవచ్చు.

ఇంకో సంగతి. ఒఫీలియా చూసిన లోకం నిజమా, ఆమె ఊహా అని రెండు పేజీలు తర్కించావు. నీది విజయనగరం జిల్లా. పైడితల్లి అమ్మవారి జాతరలో ఎత్తే సిరిమాను ఏ చెట్టో ఎలా తెలుస్తుంది? అమ్మవారు పూజారికి కలలో కనిపించి ఆ చింతచెట్టు ఎక్కడుందో చెబుతుందని నమ్మకం. వెతుక్కుంటూ వెళతారు, పసుపు కుంకుమలు పెట్టి పూజ చేస్తారు, చెట్టు తెస్తారు, దసరా వెళ్ళిన మంగళవారం లక్షల మంది కళ్ళెదుట అది గాలిలోకి లేస్తుంది. కల నిజమా కాదా అని ఆ జనంలో ఎవరూ తగువు పెట్టుకోరు. కల వచ్చాక మనిషి ఏం చేశాడన్నదే అక్కడ లెక్క. ఆ ఊరి గాలి పీల్చిన నువ్వు ఒఫీలియాను కూడా అలాగే చూడాలి. చివరికి తమ్ముణ్ణి చేతుల్లో పెట్టుకుని, ఒక్క నెత్తుటి బొట్టు కోసం కూడా వాణ్ణి ఇవ్వనంటుంది. ఆ రెండు పేజీలూ ఆ కాదనడానికి ఇవ్వు.

ఇక నీ వరుస. 'పాన్స్ లాబిరింత్' మొదటిది అన్నావు. నాకు అభ్యంతరం లేదు, కానీ నా మొదటిది వేరు. 2001లో వచ్చిన 'ది డెవిల్స్ బ్యాక్‌బోన్'. నువ్వు దాన్ని ఆరో చోట పెట్టి, "నెమ్మదిగా సాగుతుంది" అని వదిలేశావు. ఎందుకు మొదటిదో చెప్పాలంటే నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి.

మా ఊళ్ళో మా వీధి చివర ఒంటరిగా ఒక ముసలావిడ ఉండేది. ఆమెకు చిల్లంగి, అంటే చేతబడి, వచ్చని అందరూ అనేవారు. ఎవరింట్లో జ్వరం వచ్చినా, గేదె పాలు ఇవ్వకపోయినా ఆమె పేరే చెప్పేవారు. మేం పిల్లలం ఆ ఇంటి ముందుకు రాగానే ఊపిరి బిగబట్టి పరుగెత్తేవాళ్ళం. ఒకరోజు మా బంతి ఆమె వాకిట్లో పడింది. ఎవరికీ లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. ఆమె బయటకు వచ్చి, బురద బంతిని చీర చెంగుతో తుడిచి, గడప మీద పెట్టి, మేం భయపడకుండా తీసుకోవాలని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ ఏడాదే ఒక రాత్రి పెద్దవాళ్ళు కర్రలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. తెల్లారేసరికి ఆమె ఊళ్ళో లేదు. నేను ఎన్నో ఏళ్ళు ఆమెను తలచుకుని భయపడ్డాను. ఆ కర్రలు పట్టుకున్నవాళ్ళలో నాకు రోజూ బెల్లంముక్క ఇచ్చే మనుషులు ఉన్నారని మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది.

ఆ సినిమాలో 1939 నాటి అనాథాశ్రమం ఉంటుంది. ముంగిట్లో పేలకుండా నిలువునా దిగిన బాంబు. రాత్రిళ్ళు తిరిగే సాంతి అనే పిల్లవాడి దయ్యం. వాడి తల మీది గాయం నుంచి నెత్తురు పైకి తేలిపోతుంటుంది, నీళ్ళ లోపల ఉన్నట్టు. వాడు చచ్చిపోయింది నీళ్ళలో కాబట్టి, చావు వాడి చుట్టూ ఇంకా అలాగే ఉంది. కొత్తగా వచ్చిన కార్లోస్ వాణ్ణి చూసి పారిపోతాడు, చూసిన ప్రతిసారీ మనమూ పారిపోతాం. తీరా తెలిసేది ఏమిటంటే, ఆ దయ్యం హెచ్చరించడానికి వస్తోంది, అసలు హంతకుడు పగలంతా వాళ్ళ మధ్యే తిరుగుతున్న జసింతో. దయ్యం అంటే ఏమిటి అనే ప్రశ్నతోనే ఆ సినిమా మొదలవుతుంది. నాకు మటుకు దయ్యం అంటే మూసిన ఆ తలుపూ, గడప మీద తుడిచి పెట్టిన ఆ బంతీ. ఈ సినిమాకు నేను మొదటి చోటు ఇవ్వడానికి కారణం ఇంతే. నీ కారణం వేరే ఉంటుంది, ఉండాలి. కానీ ఉన్నదాన్ని చెప్పు. 'అందరూ మెచ్చుకున్నారు' అనేది నీ కారణం కాదు.

'క్రోనోస్' గురించి పోట్లాడదలచుకున్నాను. పదో చోటు! అది అతని మొదటి సినిమా, ముప్పై ఏళ్ళు నిండకముందే తీశాడు. నేనూ మొదట దాన్ని చిన్నచూపే చూశాను. నాకు మనవరాలు పుట్టాక మళ్ళీ చూశాను. పాత సామాన్ల కొట్టు నడిపే ముసలాయన బంగారు పురుగు లాంటి ఒక యంత్రం చేతికి చిక్కి నెత్తురు తాగేవాడిగా మారతాడు. కొత్త సంవత్సరం విందులో ఎవరికో ముక్కు నుంచి కారిన నెత్తురు తెల్లటి నేల మీద పడితే, వంగి నాకుతాడు. ఇదంతా భయంకరం. కానీ ఆయన ఒళ్ళు ఊడిపోతూ ఇంటికి వస్తే, మనవరాలు తన బొమ్మల పెట్టె ఖాళీ చేసి తాతను అందులో పడుకోబెడుతుంది, వెలుతురు తగలకుండా. సినిమా అంతా ఆ పిల్ల నోరు విప్పదు. చివరికి ఒక్క మాట అంటుంది. ఆ స్పానిష్ మాటకు అర్థం "తాతా". వయసుతో పాటు వరుసలు మారతాయి, అమ్మాయీ. అందుకే వ్యాసం కింద తేదీ వెయ్యి, ఏ వయసులో చూశావో రాయి.

'మిమిక్'ను చివరన పెట్టావు. అది సరైనదే. నిర్మాతలతో పేచీ పడి తన సినిమా తన చేతుల్లో లేకుండా పోయిందని అతనే చెప్పుకున్నాడు. అయినా రెక్కలు ముడిచి చీకట్లో నిలబడితే కోటు తొడుక్కున్న మనిషిలా కనబడే ఆ పురుగును నువ్వు ఒక్క మాటతో కూడా తలవలేదు. మా ఊళ్ళో కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు, 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం ఉంది కదా, అక్కడి బీరువాల్లో గొప్ప కథలూ నీరసమైన కథలూ పక్కపక్కనే ఉంటాయి. నేను అక్కడ కూర్చుని నాకిష్టమైన రచయితల తేలిపోయిన కథలు వెతికి చదివేవాణ్ణి. చేయి తిరగనప్పుడు కూడా వాళ్ళు వదలని పట్టుదల ఏమిటో అక్కడ కనబడేది. ఓడిపోయిన సినిమాకు ఇంకో నాలుగు వాక్యాలు ఎక్కువ ఇవ్వు.

'బ్లేడ్ 2', రెండు 'హెల్‌బాయ్'లు, 'పసిఫిక్ రిమ్' మీద నువ్వు రాసినవి బాగున్నాయి, నేను చెయ్యి పెట్టను. 'క్రిమ్సన్ పీక్'లో ఇల్లు మనుషుల్ని మింగేసిందన్నావు. మంచి మాట. నేల కింది ఎర్రమట్టి గోడల వెంట నెత్తురులా కారే ఆ ఇంటిని నిజంగానే అంతస్తులతో కట్టి తీశారు. కట్టినవాళ్ళ శ్రమ కంటికి కనబడుతుంది, ఆ ఇంట్లోవాళ్ళ బాధ మనసుకు అందదు. 'ది షేప్ ఆఫ్ వాటర్'ను రెండో చోట పెట్టి, నాలుగు ఆస్కార్లు, వెనిస్‌లో గోల్డెన్ లయన్ అన్నావు. మూగదైన ఎలైజా ఆ నీటి జీవికి ఉడకబెట్టిన గుడ్డు ఇచ్చి, గుడ్డు అనే మాటను చేతి సైగతో నేర్పుతుంది. ప్రేమంతా ఆ గుడ్డులో ఉంది. మళ్ళీ తిండే, గమనించావా? నీ వ్యాసానికి దారం దొరికింది. ఒకచోట తినకూడని ద్రాక్ష, ఇంకోచోట చేతిలో పెట్టిన గుడ్డు.

'ఫ్రాంకెన్‌స్టైన్' 2025 చివర్లో వచ్చింది. ఫోనులో ఒక్కసారి చూసి మూడో చోటు ఇచ్చేశావు. చిన్నప్పటి నుంచి ఆ ప్రాణిని మనసులో పెట్టుకుని తిరిగిన మనిషి, అరవై దగ్గర పడ్డాక తీసిన సినిమా అది. పెద్ద తెర మీద కుదరకపోతే కనీసం ఇంట్లో టీవీలో, దీపాలు ఆపి ఇంకోసారి చూడు. అప్పటిదాకా దానికి అంకె వెయ్యకు. అలాగే స్పానిష్‌లో తీసిన సినిమాలను డబ్బింగులో చూశానన్నావు. అసలు గొంతులతో, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూడు. కెప్టెన్ గొంతు ఎంత నెమ్మదిగా ఉంటుందో వింటే నీ పేరాలో సగం మారుతుంది.

నన్ను నొప్పించిన వాక్యం ఒకటుంది, అదీ చెబుతాను. "మనకు విఠలాచార్య చవక మాయలు తప్ప ఏమున్నాయి" అని రాశావు. 1978లో 'జగన్మోహిని' ఆడినప్పుడు నేను హాల్లో ఉన్నాను. మోహిని పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళు పెట్టి వంట చేస్తుంటే హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమై, తర్వాత కేకలు పెట్టింది. నా పక్కన ఒకామె పిల్లవాడి కళ్ళు మూసి తను మాత్రం రెప్ప వెయ్యకుండా చూసింది. కన్నడ దేశం నుంచి వచ్చి తెలుగువాళ్ళ చేత జానపద బ్రహ్మ అనిపించుకున్న మనిషి ఆయన. వంటింటి పొయ్యిని, రోజూ మనం చూసే పొయ్యిని, భయానికి చోటు చేశాడు. ద్రాక్షపళ్ళ బల్ల పక్కన ఆ పొయ్యిని పెట్టి రాసి చూడు, రెండూ ఇంకా బాగా కనబడతాయి. ఒకరిని పొగడడానికి ఇంకొకరిని తక్కువ చెయ్యాల్సిన పని లేదు. ఆ వాక్యం కొట్టేశాను, క్షమించు.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో ఆ కుండలీకరణాలు మాత్రం పెన్సిలుతో తీసేశాను. మీ నానమ్మను ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టుకుని, ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో ఏం తిన్నారో అడుగు. తర్వాత ఆ దృశ్యాన్ని ఆవిడతో కలిసి ఇంకోసారి చూడు. ఈసారి ఆవిడ ఏమంటుందో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
మాస్టారు