మాస్టారిని అడగండి: లిటిల్‌కోట్ మంత్రసాని

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్‌లో స్విండన్ దగ్గర ఉంటారు. అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. వచ్చే నెల రెండు రోజులు ఉండడానికి లిటిల్‌కోట్ హౌస్ అని ఒక పాతకాలం దొరల బంగ్లా హోటల్లో గది తీసుకున్నారు. ఆ పేరు ఫోన్‌లో కొట్టి చూశాను. అక్కడ ఒక దొర పురిటిబిడ్డను నిప్పుల్లో పడేశాడట. పురుడు పోసిన మంత్రసాని బిడ్డను ఎత్తుకుని ఇప్పటికీ తిరుగుతోందట. అది చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. వెళ్లొద్దంటే "చాదస్తం" అంటోంది మా అమ్మాయి. ఇందులో నిజమెంత? దయ్యం ఉందని తెలిసి కూడా జనం డబ్బు కట్టి అక్కడ ఎలా పడుకుంటారు?
– ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, మీ కంగారు నాకు అర్థమైంది. ఐదో నెల కడుపుతో ఉన్న పిల్ల గురించి ఇలాంటిది చదివితే ఏ తల్లికి నిద్ర పడుతుంది? "దయ్యాలు లేవు, పడుకోండి" అని ఒక్క మాటతో తేల్చేయను. మీరు చదివిన కథ ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో చెబుతాను. భయపడాలో వద్దో తర్వాత మీరే చూసుకోండి.

ఆ ఇంటి యజమాని విలియం డారెల్. జనం "వైల్డ్ డారెల్" అనేవారు. 1575 ప్రాంతంలో ఒక రాత్రి మంత్రసానిని రప్పించి, పుట్టిన బిడ్డను పుట్టినట్టే మంటలో తోశాడని కథ. 1589లో గుర్రం మీద వెళ్తుంటే మండుతున్న బిడ్డ రూపం ఎదురైందని, గుర్రం బెదిరి ఆయన పడి చనిపోయాడని దానికి ముగింపు. ఆయన పోయిన మాట నిజం. గుర్రాన్ని బెదిరించిన బిడ్డను మాత్రం కథ చెప్పినవాళ్లే చూశారు.

ఇప్పుడు అసలు కాగితానికి వద్దాం. మంత్రసాని పేరు మదర్ బార్న్స్, ఊరు గ్రేట్ షెఫర్డ్. ఆవిడ చావు మంచం మీద చెప్పిన మాటల్ని బ్రిడ్జెస్ అనే మేజిస్ట్రేటు రాసుకున్నాడు. చార్ల్‌టన్ అనే ఊరి నుంచి లేడీ నైవెట్ అనే దొరసాని పంపారని చెప్పి ఇద్దరు మనుషులు వచ్చారట. తీరా వెళ్తే అది వేరే ఇల్లు. పురిటి మంచం మీది ఆవిడ ముఖానికి ముసుగు. నల్ల వెల్వెట్ బట్టల్లో ఒక పెద్దమనిషి. తల్లి బతికితే మంచి బహుమానం ఇస్తానని, చనిపోతే నీ ప్రాణమూ పోతుందని ఆయన ముందే చెప్పాడట. బిడ్డకు చుట్టడానికి గుడ్డ లేక మంత్రసాని తన ఏప్రాన్‌లోనే చుట్టింది. ఆ తర్వాత జరిగింది మీరు చదివే ఉన్నారు, నేను మళ్లీ రాయను.

ఆ వాంగ్మూలంలో ఆ ఇల్లు ఏదో లేదమ్మా. ఆ పెద్దమనిషి ఎవరో కూడా లేదు.

మరి లిటిల్‌కోట్ ఎలా వచ్చిందంటే, తర్వాతివాళ్లు తెచ్చి కలిపారు. పదిహేడో శతాబ్దంలో జాన్ ఆబ్రీ అనే ఇంగ్లీషు రచయిత ఈ కథ రాశాడు. ఆయన రాతలో మంత్రసాని కళ్లకు గంతలు ఉన్నాయి. గది ఎత్తు పన్నెండు అడుగులు కాబట్టి పెద్దవాళ్ల ఇల్లే అయ్యుంటుందని ఆవిడ లెక్క కట్టింది. 1813లో వాల్టర్ స్కాట్ అనే కవి తన కావ్యానికి రాసిన వివరణల్లోకి వచ్చేసరికి ఆవిడ మెట్లు లెక్కపెట్టింది, మంచం తెర ముక్క కోసి దాచుకుంది. డిటెక్టివ్ నవల చదివినట్టు ఉంటుంది. చావు మంచం మీద ఒక ముసలావిడ చెప్పినదానికి చెయ్యి మారిన ప్రతిసారీ ఒక సాక్ష్యం పెరిగింది.

ఇంకో ముక్క కూడా కలిపారు. డారెల్ మీద విచారణ జరిగిందని, జడ్జి పోపమ్‌కు ఆస్తి రాసిచ్చి శిక్ష తప్పించుకున్నాడని. డారెల్ తర్వాత లిటిల్‌కోట్ నిజంగానే సర్ జాన్ పోపమ్ చేతికి వచ్చింది, జనం నోటికి అంతకంటే ఏం కావాలి? కానీ పోపమ్ ప్రధాన న్యాయమూర్తి అయింది 1592లో. డారెల్ అప్పటికి పోయి మూడేళ్లు.

అలాగని డారెల్‌ను మంచివాడని చెప్పడానికి నాకు నోరు రాదు. 1579 జనవరి నాటి ఉత్తరం ఒకటుంది. రాసింది చార్ల్‌టన్‌కు చెందిన సర్ హెన్రీ నైవెట్. మంత్రసానిని తీసుకెళ్లడానికి వాడుకున్నది ఆ ఇంటి ఆడవాళ్ల పేరే, గుర్తుంది కదా. లాంగ్‌లీట్‌లోని సర్ జాన్ థిన్‌కు ఆయన రాసిందేమిటంటే, మీ దగ్గర పనిచేసే బోన్‌హామ్ చెల్లెలు డారెల్ ఇంట్లో ఉండేది కదా, ఆమెకు ఎంతమంది పిల్లలు పుట్టారు, వాళ్లేమయ్యారు, కనుక్కోండి, ఒక బిడ్డను చంపేశారన్న పుకారు బాగా ముదురుతోంది అని. అంటే డారెల్ బతికుండగానే ఊళ్లో గుసగుస ఉంది. ఆయనకు శత్రువులూ తక్కువేం కాదు. సర్ వాల్టర్ హంగర్‌ఫర్డ్ భార్యతో సంబంధం అంటగట్టి ఆ కుటుంబంతో పెద్ద కోర్టు గొడవే నడిచింది. గుసగుసలో నిజం ఎంతో, పగ ఎంతో వేరుచేసే కాగితం లేదు. నన్నడిగితే ఎక్కడో ఒక ఇంట్లో ఒక బిడ్డ చనిపోయింది. మంత్రసాని అబద్ధం చెప్పలేదు.

ఎందుకంత నమ్మకం అంటే, మా మామ్మ మంత్రసాని. గజపతినగరం పక్క పల్లెల్లో రాత్రీ పగలూ ఎవరు పిలిచినా వెళ్లేది. కుంచెడు ధాన్యం, ఒక చీర ఇచ్చేవారు, లేనివాళ్లు కొబ్బరికాయ చేతిలో పెట్టేవారు. ఏ ఇంట్లో ఏం జరిగిందో మాకు చెప్పమంటే "పురిటిగది మాట గడప దాటకూడదర్రా" అనేది. దాటితే మర్నాడు ఇంకో ఇంటికి పిలుపు ఉండదు, అది వేరే సంగతి. అలాంటి పనిలో ఉన్న మనిషి చివరి ఘడియలో మేజిస్ట్రేటును కూర్చోబెట్టుకుని చెప్పిందంటే, ఆ బరువు ఎన్నేళ్లు మోసిందో! నాకు దయ్యం కంటే ఆ ముసలావిడే ఎక్కువ గుర్తుకొస్తుంది.

ఇక డబ్బు కట్టి ఎలా పడుకుంటారన్న ప్రశ్న. మన దగ్గర ఒక ఇంట్లో దయ్యం ఉందంటే అద్దెకు కూడా ఎవరూ దిగరు. వాళ్లకు అది బ్రోషర్‌లో వేసుకునే విషయం. 1757 జనవరి 24న మన బొబ్బిలి కోట పడినప్పుడు ఆడవాళ్లు, పిల్లలు తమవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు వదిలారు. మనం దాన్ని బుర్రకథగా విన్నాం, ఏడ్చాం. ఆ చోట గది కట్టి, రాత్రికింత అని బోర్డు పెడితే ఊరు ఊరుకుంటుందా? నాకైతే మన పద్ధతే నచ్చుతుంది, కానీ ఇంత పాత బంగ్లాల పైకప్పు కారకుండా చూసుకోవడానికి డబ్బు కావాలి కదా.

పైగా ఆ ఇంట్లో దయ్యం ఒక్కటే లేదమ్మా. 1688 డిసెంబరులో విలియం ఆఫ్ ఆరెంజ్ ఇంగ్లండ్ రాజు కాబోతూ అక్కడ బస చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పారాచూట్ దళం మకాం పెట్టింది. నూట పది అడుగుల పొడవు గ్యాలరీ ఉంది. తోటలో రోమన్ల కాలం నాటి కట్టడం ఉంది. దాని నేల మీద ఆర్ఫియస్ అనే గాయకుడి బొమ్మను రంగురాళ్లతో పేర్చారు. 1727లో బయటపడి, మళ్లీ కనుమరుగై, 1970ల్లో తిరిగి దొరికింది. ఇంకో విచిత్రం, ఆ హోటల్ పెద్దవాళ్లకు మాత్రమే, చిన్నపిల్లల్ని రానివ్వరు. పసిబిడ్డ కథ మీద పేరు తెచ్చుకున్న ఇంట్లోకి పసిబిడ్డకు ప్రవేశం లేదు! పాప పుట్టాక వెళ్లడం కుదరదనే మీ అల్లుడు ముందే గది తీసుకున్నాడేమో.

కాబట్టి వెళ్లనివ్వండి. డాక్టర్ ప్రయాణానికి సరేనన్నారో లేదో అడగండి, మెట్లు తక్కువున్న వైపు గది ఇవ్వమని అల్లుడితో ఫోన్ చేయించండి. అది దయ్యం కోసం కాదు, కడుపుతో ఉన్న పిల్ల కోసం. మీకు మనసు ఆగకపోతే వీడియో కాల్‌లో దిష్టి తీయండి, నేనేం అనను. మా ఆవిడ అమెరికాలో ఉన్న మనవడికి అలాగే తీస్తుంది. అమ్మాయిని ఆ ఆర్ఫియస్ నేల ఫొటో ఒకటి మీకు పంపమనండి. వస్తే నాకూ పంపించండి, పుస్తకాల్లో నలుపు తెలుపులోనే చూశాను.