న్యూస్‌లెటర్ స్పామ్‌లో పడుతున్న చేర్యాల చిత్రకారుడికి సమాధానం

ప్రదర్శనలో తామే అడిగి పేరు రాయించుకున్నవారికి కూడా మీ నెలవారీ లేఖ స్పామ్‌లో పడుతోందంటే, దానికి కారణం చిత్రాలు కాకపోవచ్చు. న్యూస్‌లెటర్ సేవ ద్వారా పంపుతూ, పంపినవారి చిరునామాగా మీ సొంత జీమెయిల్‌ను పెట్టడమే అసలు కారణమై ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో నియమాలను కఠినం చేశాయి.

1. మీ వెబ్‌సైట్ డొమైన్ పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, ఇకపై దాని నుంచే పంపండి.

2. న్యూస్‌లెటర్ సేవ ఇచ్చే డీకిమ్ (DKIM: లేఖ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం) రికార్డులను, వాటితోపాటు ఒక డీమార్క్ (DMARC: ఆ తనిఖీలో తప్పిన లేఖను ఏం చేయాలో చెప్పే నియమం) రికార్డును, మీ డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగులలో (DNS: డొమైన్ కొన్న చోట ఉండే దాని వివరాల పట్టికలో) చేర్చండి.

3. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. రికార్డులు చేర్చాక మళ్ళీ న్యూస్‌లెటర్ సేవలోకి వెళ్ళి డొమైన్‌ను ధ్రువీకరించాలి. మార్పు అమలులోకి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఆ తరువాత ఒక ప్రతిని మీ జీమెయిల్‌కే పంపుకొని, కంప్యూటర్‌లో దానిని తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. డీకిమ్ వరుసలో 'పాస్' అని ఉంటే చాలదు, పక్కన మీ డొమైన్ పేరే కనిపించాలి. సేవా సంస్థ పేరు కనిపిస్తే ధ్రువీకరణ ఇంకా పూర్తికానట్లే.

4. లేఖ మొత్తాన్ని ఒకే పెద్ద బొమ్మగా పంపకుండా, అందులో చూపే పటంలోని కథను నాలుగు వాక్యాలలో అక్షరాలుగా రాయండి. నకాశీ పటాన్ని (కథను వరుస బొమ్మలుగా చెప్పే చేర్యాల చిత్రాన్ని) చూసేవారికి ఆ కథ ఎలాగూ కావాలి.

ఇప్పటికే స్పామ్‌లో పడినవారికి ఫోన్ చేసి, 'నాట్ స్పామ్' నొక్కమని కోరండి.