తుఫాను తీరం దాటాక కొండ కింద ఇళ్ళకి ఏం జరుగుతుంది?

ప్రశ్న క్లుప్తంగా: అమ్మానాన్నలు ఒడిశా తీరంలో గోపాలపూర్ దగ్గర రేకుల ఇంట్లో ఉంటారు. మేం అదే రాష్ట్రంలో, లోపలికున్న గజపతి జిల్లాలో కొండ వాలు కింద ఉంటాం. నవంబర్‌లో తుఫాను వస్తే వాళ్ళని మా ఇంటికి తెచ్చేసుకుంటే చాలా? కోసిన వరిని ఏం చేయాలి?

జవాబు: తెచ్చుకోండి, కానీ మీ ఇల్లు గట్టి చోట ఉందో లేదో ముందు చూసుకోండి. సముద్రానికి దూరం జరిగితే గాలి, ఉప్పెన తప్పుతాయి గానీ వాన తప్పదు. తేమగాలి మహేంద్రగిరి లాంటి 1,501 మీటర్ల కొండకి తగిలి పైకెక్కి, చల్లబడి అక్కడే కుమ్మరిస్తుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో ప్రాణాలు ఎక్కువ పోయింది మాత్రం ఆ తర్వాత, బరఘరలో కొండచరియ విరిగిపడి. అప్పటి వంశధార నది వరద కూడా ఈ కొండల మీద పడ్డ వానతోనే వచ్చింది.

మావైపు జనం ఎక్కువగా మోసపోయేది ఒక మాట దగ్గర. టీవీలో 'బలహీనపడి వాయుగుండంగా మారింది' అనగానే ఊపిరి పీల్చుకుంటారు. ఆ పేరు గాలి వేగాన్ని బట్టి పెట్టిందే: గంటకి 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 62 దాటితే తుఫాను. వాన ఎంత పడుతుందో ఆ పేరు చెప్పదు. వాతావరణ శాఖ 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. తీరం దాటడానికి 12 గంటల ముందు లోపలి జిల్లాల కోసం ఇంకో బులెటిన్ వస్తుంది. కొండవాళ్ళు చదవాల్సింది అదే. అందులో 'అత్యంత భారీ వర్షం', అంటే 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లకి పైన, అని మీ జిల్లాకి ఉంటే చీకటి పడకముందే ఇల్లు వదలండి. రాత్రి వానలో వాలు మీద నడక ఇంట్లో ఉండడమంత ప్రమాదం.

వానని మీరే కొలవచ్చు. నిలువు గోడల స్టీలు డబ్బా ఒకటి చెట్టుకీ చూరుకీ దూరంగా పెట్టి, లోపలి నీళ్ళని స్కేలుతో చూడండి. బకెట్ పనికిరాదు. దాని మూతి వెడల్పు, అడుగు ఇరుకు కాబట్టి లోతు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. గంటకి 25-30 మిల్లీమీటర్ల చొప్పున రెండు మూడు గంటలు పడుతూ, అంతకుముందు రోజు కూడా నేల తడిసి ఉంటే నేనైతే ఇంకో గంట ఆగమని ఎవరికీ చెప్పను. రాతి మీద పరుచుకున్న ఎర్రమట్టి నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. మట్టికీ రాతికీ మధ్య నీరు చేరితే పట్టు జారిపోతుంది. అందుకే వాన తెరిపిచ్చిన చాలాసేపటికి కూడా చరియ దిగొచ్చు.

ముందుగా కనిపించే గుర్తులు: వాలు మీద అర్ధచంద్రాకారంలో కొత్త పగులు, నిటారుగా ఉండే చెట్టు ఒరగడం, ఊటనీరు బురదగా మారడం. అన్నిటికన్నా భయపడాల్సింది, వాన పడుతూనే ఉండగా గెడ్డ (కొండవాగు) ఒక్కసారిగా సన్నబడటం. పైన మట్టి, చెట్లు అడ్డంపడి నీరు నిలిచిందన్నమాట. ఆ కట్ట తెగితే బండలతో సహా వస్తుంది. అప్పుడు గెడ్డ వెంట కిందికి పరిగెత్తకండి, గెడ్డకి దూరంగా పక్కకి, ఎత్తుకి పోండి. బండ కింద, గుహలో, గెడ్డ మూతి దగ్గర తలదాచుకోవద్దు. స్కూలు భవనమైనా సరే, వెనకాలే వాలు ఉంటే అది ఆశ్రయం కాదు.

ఇక గోపాలపూర్ ఇల్లు. గాలి రేకుని తొయ్యదు, పైకి లేపుతుంది. మొదట మూలలు, చూరు అంచులు పోతాయి. అక్కడ ప్రతి రెండో మడతకీ జె-బోల్టు, వాషర్ ఉండాలి. ఇసుక బస్తాలు వేస్తే రెండేసి తాడుతో కలిపి కప్పు కొప్పుకి అటొకటి ఇటొకటి వేలాడేయండి. రేకు కింద అడ్డపైపు ఉన్నచోటే బరువు ఆనాలి, లేకపోతే సిమెంటు రేకు పగులుతుంది. తుఫాను గోపాలపూర్‌కి దక్షిణంగా, పలాస వైపు దాటితే సముద్రపు గాలి నేరుగా ఆ ఇంటి మీదకే, ఉప్పెనా అక్కడికే. పూరీ వైపు దాటితే గాలి నేల నుంచి సముద్రానికి కొడుతుంది. తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, ఊరి మీదుగా పోతే గాలి ఉన్నట్టుండి ఆగుతుంది, ఆకాశం తేటపడుతుంది. బయటికి రావద్దు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అదే జోరుతో మొదలవుతుంది.

వరి సంగతి. హెచ్చరిక రాగానే కోత ఆపేయండి. నిలబడ్డ చేనుకన్నా నేల మీది పనకే (కోసి పరిచిన వరికే) నష్టం ఎక్కువ. కోసి ఆరినదాన్ని ఎత్తు మీద కుప్ప వేసి టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించండి. తడిసిపోతే వాన ఆగగానే లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కరిగించి పనల మీద కొట్టాలి. ఎకరానికి 200 లీటర్లు, అంటే 10 కిలోల ఉప్పు. గుడ్డతో వడకట్టి స్ప్రేయర్‌లో పోయండి, లేకుంటే నాజిల్ మూసుకుపోతుంది. పైవైపు కొట్టాక పనలు తిరగేసి రెండోవైపు కూడా కొట్టండి. నేలకి ఆనుకున్న కంకులే ముందు మొలకెత్తుతాయి.