కలబంద రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందా?

ప్రశ్న: కలబంద, స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయని, మంచం పక్కన పెట్టుకోమని వాట్సాప్‌లో తెగ వస్తోంది. మా అమ్మమ్మేమో రాత్రి చెట్టు కింద పడుకోవద్దనేది. ఇంట్లో చంటిపాప ఉంది, కుండీ గదిలో పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కుండీ పెట్టుకోండమ్మా, దాని గాలి వల్ల పాపకేం కాదు. కానీ ఆక్సిజన్ కోసమైతే అక్కర్లేదు. వెలుతురు లేకుండా ఏ ఆకూ ఆక్సిజన్ తయారుచేయలేదు, కలబందైనా అంతే.

మరి ఆ మాట ఎక్కడ పుట్టింది? ఆకు మీద కంటికి కనపడనంత చిన్న రంధ్రాలుంటాయి, పత్రరంధ్రాలంటాం. ఒక్కోదానికి రెండు పెదవుల్లా రక్షక కణాలు; వాటిలోకి నీరు చేరి ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, నీరు తగ్గితే మూసుకుంటుంది. వరి, మామిడి లాంటివి పగలే తెరుస్తాయి, అయితే కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చే దారిలోనే నీటి ఆవిరి బయటికి పోతుంది, ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు కోసం కొన్ని వందల నీటి అణువులు ఖర్చవుతాయి. ఎండు నేలల్లో బతికే మొక్కకి అన్ని నీళ్లెక్కడివి? అందుకే కలబంద, స్నేక్ ప్లాంట్, బ్రహ్మజెముడు ఎండవేళ రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక దానితోనే చక్కెర చేసుకుంటాయి. ఆక్సిజన్ పుట్టేదీ అప్పుడే. రాత్రి రంధ్రాలు తెరవడం నిజం, ఆక్సిజన్ ఇవ్వడం మాత్రం కాదు.

రణపాలదీ ఇదే పద్ధతి. దాని ఆకు పొద్దున్నే బాగా పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని బెంజమిన్ హేన్ రాసిన ఉత్తరం 1815లో లండన్‌లో లినియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయనెవరో కాదు, మీ పక్కనే ఉన్న సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటని చూసుకున్న వృక్షశాస్త్రవేత్త! నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది, ఏ పరికరమూ లేకుండా నాలుకతో పట్టుకున్న సంగతి కదా.

ఇక అమ్మమ్మ మాట. చెట్టు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదిలేది నిజమే, కానీ ఆరుబయట అది గాలిలో కలిసిపోతుంది. గదిలోనైతే మనిషి వదిలేదే చాలా ఎక్కువ, రోజుకి సుమారు 1 కిలో. కుండీ మొక్క పీల్చేది దాని ముందు లెక్కలోకే రాదు. కిటికీ తెరిచి పడుకోండి, చాలు. కలబంద ఆకు మాత్రం పాప చేతికి అందనివ్వకండి, తొక్క కింద కారే పసుపు రసం కడుపులోకి వెళ్తే విరేచనాలవుతాయి.