మీ మౌస్‌కి ఏమైంది?

ప్రశ్న: అన్నా, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటా, వర్క్ ఫ్రమ్ హోమ్. వారం నుంచి నా మౌస్ పాయింటర్ ఒక చోట నిలబడట్లేదు, వణుకుతూ పక్కకి జారిపోతోంది, హాల్లో గ్లాస్ టేబుల్ మీద పెడితే అసలు కదలదు. రూమ్మేట్ పారేసి కొత్తది కొను అంటాడు, కర్నూల్లో మా నాన్నకి చెప్తే "కింద మూత తిప్పి బాల్ తీసి తుడువురా" అంటున్నారు. బాల్ ఏంటన్నా?

జవాబు: నాన్నగారిని చూసి నవ్వకు తమ్ముడూ, ఆయన మాట ఒకప్పుడు వందకి వంద కరెక్టు. అప్పటి మౌస్ కడుపులో రబ్బరు తొడిగిన బరువైన బాల్ ఉండేది, అది దొర్లుతూ టేబుల్ మీద దుమ్ము, చేతి చెమట, బిస్కెట్ పొడి అన్నీ లోపలికి మోసుకెళ్లి రెండు చిన్న రోలర్లకి నల్లటి పట్టీలా అతికించేది, దాన్ని గోటితో గీకితే వానపాములా ఊడి వచ్చేది, ఛీ అనుకుంటూనే అందులో ఏదో తృప్తి ఉండేదిలే. నెట్ సెంటర్లలో అయితే బాల్సే ఎత్తుకుపోయేవాళ్లు, అది వేరే కథ.

ఈ మురికి కోసమే క్లీనింగ్ కిట్లు కూడా అమ్మారు, అసలు బాల్ తీసి అదే సైజు గరుకు బాల్ పెట్టి స్పిరిట్ వేసి దొర్లిస్తే రోలర్లు శుభ్రపడాలి. తెలివైన ఐడియానే, కానీ నా ఉద్దేశంలో రోగం వదిలేసి దగ్గుకి మందు వేసినట్టు. బాల్ ఉన్నంతకాలం మురికి వస్తూనే ఉంటుంది కదా.

తమాషా ఏంటంటే లైటు అప్పటికే లోపల ఉంది! రోలర్ చివర చిల్లుల చక్రం, దానికి ఒక పక్క కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు, రెండో పక్క దాన్ని పసిగట్టే సెన్సర్, లైటు ఎన్నిసార్లు ఆగి వెలిగితే మౌస్ అంత జరిగినట్టు లెక్క. ఆ లైటునే నేరుగా టేబుల్ మీదకి తిప్పేస్తే బాల్‌తో పనేంటి అని 1980లో స్టీవ్ కర్ష్, రిచర్డ్ లయన్ అనే ఇద్దరు ఎవరికి వాళ్లే ఆప్టికల్ మౌస్ తయారుచేశారు. అయితే కర్ష్ మౌస్‌కి గళ్లు అచ్చేసిన ప్రత్యేకమైన మెటల్ ప్యాడ్ ఉండాల్సిందే. ఆ ప్యాడ్ గొడవ లేకుండా 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెలీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది, అడుగున కెమెరా లాంటిది సెకనుకి 1500 ఫొటోలు తీసి ముందు ఫొటోకీ తర్వాతి ఫొటోకీ తేడా చూసి ఎటు జరిగిందో కనిపెడుతుంది.

నీ మౌసూ అదే జాతి. ముందు ఆఫ్ చెయ్, తిరగేసి ఫోన్ టార్చి వేసి ఆ చిన్న రంధ్రంలోకి చూడు, తొంభై పాళ్లు ఒక వెంట్రుక కనపడుతుంది. ఆ వెంట్రుక కెమెరా ముందే కూర్చుంటే పాపం మౌస్ ఏం చేస్తుంది. గోరు, పిన్ను పెట్టకు, లెన్స్ గీసుకుపోతుంది, ఇయర్ బడ్‌తో మెల్లగా లాగెయ్. ఇక గ్లాస్ అంటావా, నున్నగా ఉండేదాని మీద ఫొటో తీయడానికి గుర్తులే దొరకవు, కింద పాత న్యూస్‌పేపర్ వేసుకో. గ్లాస్ మీద నడిచేవి కూడా ఉన్నాయి, 2009లో లాజిటెక్ కంపెనీ డార్క్‌ఫీల్డ్ అని తెచ్చింది, అది గాజు మీదున్న సన్నటి గీతల్ని, దుమ్ము రేణువుల్ని చూసుకుంటూ నడుస్తుంది. దుమ్ము వల్ల చచ్చిన మౌస్ జాతిలో దుమ్ము మీదే బతికేది పుట్టింది చూడు!

ప్రశ్న: సార్, చెన్నై అంబత్తూరులో అకౌంట్స్ చేస్తాను. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడుతోంది, మీరు పోయిన నెల చెప్పినట్టు అడుగున తుడిచినా పోలేదు.

జవాబు: రంధ్రం సంగతి కాదమ్మా ఇది. బటన్ కింద చిన్న స్విచ్, దాని లోపల సన్నటి రేకు ఉంటుంది, వాడివాడి అది అరిగితే ఒక్క నొక్కుకి రెండుసార్లు తగులుతుంది. తుడిస్తే పోదు, స్విచ్ మార్చాలి. మీ చెన్నైలోనే ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో టంకం పెట్టేవాళ్లు దొరుకుతారు, మామూలు మౌస్ అయితే మాత్రం ఆ ఖర్చుకి కొత్తదే వచ్చేయొచ్చు, ముందే అడగండి. అంతవరకు సెట్టింగ్స్‌లో మెయిన్ బటన్ కుడివైపుకి మార్చుకుని పని కానివ్వండి, రెండు రోజులు చెయ్యి తికమక పడుతుంది, అంతే.