రెండు మీటర్లు కాలిపోయాయా? ముందు ఎర్ర వైరు ఎక్కడ గుచ్చావో చూడు

తమ్ముడూ, షెడ్డు పెట్టిన ఆరు నెలల్లో రెండు పసుపు రంగు చవక మల్టీమీటర్లు పోయాయి, బండ్ల పనికి ఎక్కువ కాలం వచ్చేది ఏది, ఫ్లూక్ లాంటి ఖరీదైన కంపెనీ దాకా పోవాలా అని అడిగావు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 18 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నా, నీకంటే ఎక్కువే కాల్చాను, కాబట్టి చెప్తున్నా.

నీవి ఎలా కాలి ఉంటాయో చూడకుండానే ఊహించగలను. బండి ఆపాక బ్యాటరీ కరెంటు ఎక్కడ లీకవుతోందో చూడ్డానికి ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి ఉంటావు, తర్వాత దాన్ని మార్చడం మర్చిపోయి అదే వైరుతో వోల్టేజి చూసి ఉంటావు. ఆ రంధ్రం వెనక ఉండేది దాదాపు ఉత్త తీగే, అంటే బ్యాటరీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య స్పానర్ అడ్డం పెట్టినట్టే. డీటీ 830డి రకం మీటర్లలో ఆ రంధ్రం పక్కన చిన్న అక్షరాలతో అన్‌ఫ్యూజ్డ్ అని, అంటే ఫ్యూజు లేదని, ఉంటుంది చూడు. కింద పడితే పగలకుండా రబ్బరు తొడుగు ఉందా అని అందరూ చూస్తారు కానీ షెడ్డులో మీటరు పోయేది పడిపోవడం వల్ల తక్కువ, ఇలా పోవడమే ఎక్కువ.

అందుకని కొనేముందు మొదట అడగాల్సింది 10 ఆంపియర్ల వైపు ఫ్యూజు ఉందా, అది గాజుదా, పింగాణీదా అని, పింగాణీదైతే మేలు. నేను వాడేది ఫ్లూక్ 17బి ప్లస్, అందులో 11 ఆంపియర్లు, 1000 వోల్టుల ఫ్యూజు ఉంటుంది. ఆ ఫ్యూజు ధర చూస్తే కడుపు మండుతుంది, అయినా దాని బదులు రాగి పోగు చుట్టి పెట్టావంటే మళ్లీ పసుపు మీటరు దగ్గరికే వచ్చినట్టు. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే మెకో, యూని-టి లాంటి కంపెనీల్లో మిల్లీ ఆంపియర్ల వైపూ 10 ఆంపియర్ల వైపూ రెండింటికీ ఫ్యూజు ఉన్న మోడల్ వెతుక్కో, సరిపోతుంది. ఫ్లూక్ పేరు చూసి 101 మోడల్ మాత్రం తీసుకోకు. మీటరు మంచిదే, చిన్నది, జేబులో పడుతుంది, కానీ అది ఆంపియర్లు చదవదు, మన పనికి సగం అక్కడే ఆగిపోతుంది.

ఇంకొకటి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒక బైకు ఛార్జింగ్ చూస్తే 16 వోల్టులు దాటి చూపించింది, ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో పెట్టే ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్) పోయిందని చెప్పి కొత్తది బిగించా. మళ్లీ అదే 16. పక్క షెడ్డు మీటరు తెచ్చి పెడితే 14.1, అంటే ఛార్జింగ్ బాగానే ఉంది. తీరా చూస్తే అప్పట్లో నేను వాడే చవక మీటరు లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించింది! చవక మీటర్లలో లోపలి బ్యాటరీ తగ్గేకొద్దీ రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అది తెలియక చేసిన తప్పుకి పాత యూనిట్ తిరిగి బిగించి కొత్తదాని డబ్బు నేనే పెట్టుకున్నా. లో బ్యాటరీ గుర్తు రాగానే బ్యాటరీ మార్చెయ్, అలాగే బాగున్న బండి బ్యాటరీ ఒకదాని మీద అప్పుడప్పుడూ పెట్టి చూసుకో, నిండా ఛార్జింగ్ ఉండి కాసేపు కదలకుండా ఉన్నదైతే 12.6 చుట్టుపక్కల రావాలి.

వైర్ల సంగతి. మీటరు కంటే ముందు పోయేవి అవే, ప్రోబ్ మెడ దగ్గర లోపల తెగి పైకి బాగానే కనిపిస్తాయి. మీటరుని ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ చూసే చోట) పెట్టి రెండు మొనలూ కలిపి వైరు కదుపు, అంకె ఎగిరెగిరి పడితే పారెయ్. మామూలు ప్లాస్టిక్ వైరు సైలెన్సర్‌కి తగిలితే కరుగుతుంది, సిలికాన్ వైర్లు విడిగా కొనుక్కో.

మీటరు కాసేపటికి దానంతటదే ఆగిపోయే ఆటో పవర్ ఆఫ్‌ని ఆపే వీలుందో లేదో కూడా చూడు. బ్యాటరీ లీకు చూసేటప్పుడు, కారు లాక్ చేశాక లోపలి ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు నిద్రపోవడానికి అరగంట పట్టొచ్చు, లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపుకి దిగిందా అని చూసేలోపు మీటరే నిద్రపోతే ఒళ్లు మండుతుంది. ఆ పరీక్షలో పొరపాటున సెల్ఫ్ కొట్టావా, ఫ్యూజు హరీ.

వైరు చుట్టూ పట్టి కరెంటు చూసే క్లాంప్ మీటరు కొంటే డీసీ చదివేదో లేదో అడిగి తీసుకో, బండి బ్యాటరీది డీసీ, ఇళ్ల వైరింగ్ వాళ్లు వాడే వాటిలో చాలావరకు ఏసీయే. ఎలక్ట్రిక్ కార్ల పెద్ద బ్యాటరీ చాలావాటిలో 300 వోల్టుల పైన ఉంటుంది, ట్రైనింగ్ లేకుండా ఏ మీటరుతోనూ దాని జోలికి పోవద్దు.

మా షెడ్డులో మీటరు 10 ఆంపియర్ల రంధ్రం మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంటుంది. ఆంపియర్లు చూడాలంటే అది పీకాలి, అయ్యాక మళ్లీ అంటించాలి, కుర్రాళ్లకి కూడా అదే రూలు. టేపు పెట్టాక ఇప్పటికి ఒక్కటే ఫ్యూజు మార్చాం, అది కూడా కాల్చింది నేనే.