గణాంకాల వాళ్ళు నోటీసు ఇచ్చారు: మిల్లు లెక్కలు చెబితే జీఎస్టీ వాళ్ళకు చేరతాయా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. గుంటూరులో అన్నదమ్ములం ముగ్గురం భాగస్వామ్యంలో కారం మిల్లు నడుపుతున్నాం. ఫ్యాక్టరీ లైసెన్సు ఉంది. ఏడాది పొడుగునా పనిచేసేవాళ్ళు 14 మంది. సీజన్లో తొడిమలు తీయడానికి మేస్త్రీ 40 మంది ఆడకూలీలను తీసుకొస్తాడు. వార్షిక పరిశ్రమల సర్వేకు వివరాలు ఇవ్వాలని గణాంక శాఖ నుంచి నోటీసు వచ్చింది. పోయినేడాది కూడా వస్తే మా గుమాస్తా ఉజ్జాయింపుగా ఏవో అంకెలు వేసి పంపాడు. ఈసారి అధికారి ఫోన్‌ చేసి, ధర కుదరడం లేదు, నిల్వలు కుదరడం లేదు అని అడుగుతున్నారు. మా వీధిలో ఇంకే మిల్లుకూ ఈ నోటీసు రాలేదు. తెలిసినవాళ్ళు పట్టించుకోవద్దంటున్నారు. నిజం చెబితే జీఎస్టీ, పీఎఫ్‌ వాళ్ళ చేతికి మేమే కాగితం ఇచ్చినట్టు అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వివరాలు ఇవ్వాలి, ఉన్నవి ఉన్నట్టే ఇవ్వాలి. పట్టించుకోవద్దని చెప్పినవాళ్ళు రేపు మీ తరఫున సంతకం పెట్టరు.

మీకు వచ్చిన నోటీసు వెనక ఉన్నది గణాంకాల సేకరణ చట్టం, 2008. 1953 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి, 2010 జూన్‌లో అమల్లోకి వచ్చింది. వార్షిక పరిశ్రమల సర్వే అంతకంటే చాలా పాతది, 1960 నుంచి జరుగుతోంది. దేశంలో తయారీ రంగం ఎంత ఉత్పత్తి చేసింది, ఎంతమందికి పని ఇచ్చింది, ఎంత జీతం చెల్లించింది అన్న లెక్కలకు ఇదే ప్రధాన ఆధారం. స్థూల దేశీయోత్పత్తి లెక్కలోకీ ఇక్కడి అంకెలు వెళతాయి. కరెంటు వాడుతూ 10 మంది లేదా అంతకుమించి, కరెంటు లేకుండా 20 మంది లేదా అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీలు ఫ్యాక్టరీల చట్టం, 1948 కింద రిజిస్టరై ఈ సర్వే జాబితాలోకి వస్తూ ఉన్నాయి. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ పరిమితులు 20కి, 40కి పెరిగాయి కదా, మాకు వర్తించదు అనే వాదన ఈమధ్య వినిపిస్తోంది. సర్వే అడిగేది గడిచిన ఆర్థిక సంవత్సరం లెక్క. ఆ ఏడాది మీరు రిజిస్టరైన ఫ్యాక్టరీయే. ఆ వాదన మీకు పనికిరాదు.

ఇక పక్క మిల్లుకు రాకపోవడం. ఈ సర్వేలో కొన్ని యూనిట్లను ఏటా తప్పకుండా అడుగుతారు. మిగతావాటిని రాష్ట్రం వారీగా, పరిశ్రమ రకం వారీగా గుంపులు చేసి, ఒక్కో గుంపులోంచి కొన్నింటిని నమూనాగా తీస్తారు. మీరు ఏ వర్గంలో పడ్డారో అధికారినే అడగొచ్చు, చెబుతారు. నమూనాలో పడిన యూనిట్‌ ఇచ్చిన అంకెలను ఒక గుణకంతో హెచ్చించి, అడగని మిల్లుల తరఫున కూడా లెక్క కడతారు. మీ గుమాస్తా వేసిన ఉజ్జాయింపు మీ ఒక్క మిల్లుతో ఆగదని ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. చట్టమైతే ఈ విషయంలో మొహమాటం లేకుండా మాట్లాడింది. నమూనా పద్ధతి వల్ల కొందరినే అడిగారు, అందరినీ అడగలేదు అన్నది వివరాలు ఇవ్వకపోవడానికి సాకుగా చెల్లదని 6వ సెక్షన్‌లోనే రాశారు.

మీ అసలు భయం దగ్గరకు వద్దాం. 9వ సెక్షన్‌ ప్రకారం మీరిచ్చిన సమాచారాన్ని గణాంకాల అవసరానికి తప్ప ఇంకో పనికి వాడకూడదు. గణాంకాల పనిలో ఉన్నవాళ్ళు తప్ప వేరేవాళ్ళు మీ షెడ్యూలు, అంటే మీరు నింపిన సర్వే ఫారం, చూడకూడదు. మీరెవరో గుర్తుపట్టేలా ప్రచురించకూడదు, ఇంకో శాఖకు ఇవ్వకూడదు. ఒక ప్రాంతంలో ఆ సరుకు చేసే యూనిట్‌ ఒక్కటో రెండో ఉంటే, పేరు లేకపోయినా ఫలానావాళ్ళని జనం ఊహించగలరు. అలా కూడా బయటపడకుండా పట్టికలు సర్దాలని చట్టం అడుగుతోంది. 14వ సెక్షన్‌ మీకు ఇంకా ముఖ్యం. ఈ చట్టం కింద తీసుకున్న సమాచారాన్నీ, మీ దగ్గర ఉంచుకున్న దాని నకలునూ కూడా ఏ విచారణలోనూ సాక్ష్యంగా వాడకూడదు. దీనికి ఉన్న మినహాయింపు ఈ చట్టాన్ని ఉల్లంఘించినందుకు పెట్టే కేసు. మిల్లు పేరు, చిరునామా, పరిశ్రమ వర్గం, పనిచేసేవాళ్ళ సంఖ్య ఉన్న జాబితాను మాత్రం 10వ సెక్షన్‌ కింద ప్రభుత్వం బయటపెట్టొచ్చు. అది మీ బోర్డు మీదా లైసెన్సులోనూ ఉన్న సమాచారమే అనుకోండి.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, చాలామంది దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. రక్షణ ఉన్నది మీరు నింపిన షెడ్యూలుకు. మీ పుస్తకాలకు లేదు. జీఎస్టీ అధికారికి తన చట్టం కింద మీ మిల్లుకు వచ్చి బిల్లులు చూసే అధికారం ఎప్పుడూ ఉంది. సర్వేకు మీరేం చెప్పారన్నది ఆయనకు అక్కర్లేదు, దొరకదు కూడా. కాబట్టి సర్వేలో తక్కువ చూపించినందువల్ల అక్కడ మీకు ఒరిగేదేమీ లేదు. రెండుచోట్లా రెండు లెక్కలు తయారవుతాయి, అంతే.

కూలీల సంగతి ఉదాహరణతో చెబుతాను. నలభై మంది అని రాయాల్సి వస్తుందని మీరు బెంగపడుతున్నట్టున్నారు. ఫారంలో ఉద్యోగుల భాగం అడిగేది తలలు కాదు, పనిదినాలు. 40 మంది 60 రోజులు చేస్తే 2,400 పనిదినాలు. మిల్లు ఏడాదిలో 300 రోజులు నడిచిందనుకుంటే, సగటున 8 మంది. మేస్త్రీ ద్వారా వచ్చారు కాబట్టి కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్ళ వరసలో పడతారు, మీ సొంత వర్కర్ల వరసలో కాదు. మీ 14 మందిని కలిపితే సగటు 22. మీ అన్నదమ్ములు జీతం తీసుకోకుండా మిల్లులో పనిచేస్తుంటే దానికీ వేరే వరస ఉంది, అందులో చూపండి.

పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్‌ఐకి 10 మంది అన్న లెక్క వేరు. అక్కడ ఈ సగటు పనిచేయదు, మేస్త్రీ తెచ్చినవాళ్ళూ లెక్కలోకి వస్తారు. సీజన్లో 54 మందితో నడిచే మిల్లుకు పీఎఫ్‌ కోడ్‌ లేకపోతే ఆ సమస్య ఈ సర్వే వల్ల పుట్టింది కాదు, ఈ సర్వేలో దాచితే పోయేదీ కాదు. దాని గురించి విడిగా ఒక లాయరును కలవండి, త్వరగా కలవండి.

ఇప్పుడు అధికారి ఫోన్‌. దాన్ని ఆరోపణగా తీసుకోకండి. ఆయన దగ్గరున్న సాఫ్ట్‌వేరే ఆ ప్రశ్నలు అడిగిస్తుంది. ప్రతి షెడ్యూలునూ అంకెకు అంకె ఢీకొట్టించి చూస్తుంది: అమ్మిన విలువను పరిమాణంతో భాగిస్తే వచ్చే ధర ఆ సరుకుకు నమ్మదగినదేనా, వాడిన ముడిసరుకుకూ వచ్చిన ఉత్పత్తికీ పొంతన ఉందా, పనిదినాలకూ కూలికీ లంకె కుదిరిందా, పోయినేడాది ముగింపు నిల్వ ఈ ఏడాది ప్రారంభ నిల్వతో కలిసిందా. కుదరనిచోట క్షేత్ర అధికారి మిమ్మల్ని అడుగుతారు. ఆయన పైవాళ్ళు మళ్ళీ చూసి, అనుమానం మిగిలితే వెనక్కి పంపుతారు. దేశం మొత్తం మీద అంకెలు నమ్మదగ్గవేనా అన్నది తేలేది ఈ ఫోన్లలోనే.

మీ ధర ఎక్కడ తప్పి ఉంటుందో నేను ఊహించగలను. మిర్చి యార్డులో మనం మాట్లాడేది క్వింటాళ్ళలో, టిక్కీల్లో, అంటే బస్తాల్లో. ఫారం అడిగే కొలత టన్ను. మూడు వేల క్వింటాళ్ళ కారం క్వింటా 15 వేల చొప్పున అమ్మారనుకుందాం. నాలుగున్నర కోట్లు. టన్నుల గడిలో 300 అని వేయాలి. గుమాస్తా అలవాటుకొద్దీ 3,000 అని వేస్తే టన్ను 15 వేలకు, అంటే కిలో 15 రూపాయలకు అమ్మినట్టు తేలుతుంది. గుంటూరులో ఆ ధరకు కారం ఇస్తామంటే మిల్లు ముందు క్యూ కడతారు. కంప్యూటరు ఇలాంటిదాన్ని వదలదు.

ఇలాంటివే ఇంకొన్ని మీ మిల్లులో ఉండే అవకాశం ఉంది. బయటివాళ్ళు కాయ తెచ్చి ఆడించుకుపోతే ఆ కారం మీ ఉత్పత్తి కాదు, ఆడించిన కూలి మాత్రమే మీ ఆదాయం, అది ఇతర ఆదాయాల భాగంలోకి వెళ్ళాలి. కోల్డ్‌ స్టోరేజీలో ఉన్న మీ సొంత కాయ మీ నిల్వే, మిల్లు ఆవరణలో లేదని వదిలేయకండి. వేరుచేసి అమ్మే గింజలు ఉప ఉత్పత్తి కింద రావాలి. అమ్మకం విలువలో జీఎస్టీ, లారీ కిరాయి విడిగా చూపాలి, కలిపేస్తే మిల్లు గేటు దగ్గరి ధర పెరిగిపోతుంది. కాయ కంటే కారం బరువు తగ్గితే అది సహజం, తొడిమ పోతుంది, తేమ పోతుంది. బాగా పెరిగితే గణాంకాల వాళ్ళకంటే ముందు ఆహార భద్రత అధికారి రావాల్సి ఉంటుంది.

అంకెలు వేసినా వేయకపోయినా ఏమవుతుందిలే అనేవాళ్ళకు ఒక సంగతి. 2016-17లో జాతీయ నమూనా సర్వే 74వ రౌండ్‌ సేవా రంగం మీద జరిగింది. కంపెనీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ జాబితాలోంచి తీసిన కంపెనీల్లో మూడో వంతుకు పైగా చిరునామాలో దొరకలేదు, లేదా రాసి ఉన్న వ్యాపారం ఒకటి, చేసేది ఇంకొకటిగా తేలింది. 2019లో అది బయటికొచ్చినప్పుడు జీడీపీ అంకెల మీదే పెద్ద చర్చ నడిచింది. అందుకే మూతపడ్డ మిల్లుకు నోటీసు వచ్చినా, మూసేశామని రాతపూర్వకంగా జవాబివ్వమంటాను.

శిక్షల మాట. 2008 నాటి మూలపాఠం ప్రకారం వివరాలు ఇవ్వకపోతే వ్యక్తికి వెయ్యి రూపాయల వరకు, కంపెనీకి 5 వేల వరకు జరిమానా. కావాలని తప్పు చెబితే ఆరు నెలల వరకు సాధారణ జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. చట్టాలు సవరణలు చూస్తూనే ఉంటాయి కాబట్టి మీ నోటీసులో రాసిన సెక్షన్‌ తాజా పాఠం ఒకసారి తీయించి చూడండి. కంపెనీల నేరాల నిబంధన భాగస్వామ్య సంస్థలకూ వర్తిస్తుంది. మిల్లు వ్యవహారం చూసే భాగస్వామి జవాబుదారీ, గుమాస్తా చేశాడంటే తప్పించుకోలేరు. గణాంక అధికారి అనుమతి లేకుండా మీమీద ప్రాసిక్యూషన్‌ మొదలుకాదు. ఆయనతో మర్యాదగా, కాగితం మీద మాట్లాడుతూ ఉన్నంతకాలం విషయం అక్కడిదాకా వెళ్ళదనే నా అంచనా. రికార్డులు చూడటానికి, తగిన వేళలో ఆవరణలోకి రావడానికి ఆయనకు చట్టం అధికారం ఇచ్చింది, అడ్డుపడకండి. వచ్చినాయన గుర్తింపు కార్డు అడగడం మీ హక్కు. ఈ సర్వే పేరు చెప్పి ఎవరైనా డబ్బు గానీ, ఓటీపీ గానీ అడిగితే ఆయన గణాంక అధికారి కాదు.

పోయినేడాది తప్పును ఇలా సరిదిద్దండి. గుమాస్తా వేసిన ముగింపు నిల్వతో కలవాలని ఈ ఏడాది ప్రారంభ నిల్వను మార్చకండి. మొదటిది ఉజ్జాయింపు, పొరపాటు అని చెప్పుకోవచ్చు. దానికి సరిపోయేలా తెలిసి వేసే రెండోది కావాలని చేసినది అవుతుంది. ఆడిట్‌ అయిన బ్యాలెన్స్‌షీటులో ఉన్న నిల్వనే వేయండి. దాంతోపాటు మిల్లు లెటర్‌హెడ్‌ మీద ఒక ఉత్తరం రాయండి: పోయినేడాది షెడ్యూలులో ఫలానా అంకెలు అంచనాగా వేశాం, ఆడిట్‌ లెక్క ప్రకారం సరైనవి ఇవి, నమోదు చేసుకోగలరు అని. ఈ ఏడాది షెడ్యూలు ఇప్పటికే పంపేసి ఉంటే, సవరించడానికి తిరిగి తెరవమని అదే ఉత్తరంలో అడగండి. గడువు చాలకపోతే తేదీ వేసి పొడిగింపు కోరండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ఉత్తరం నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకుని, బ్యాలెన్స్‌షీటుతో కలిపి ఫైల్లో పెట్టండి. ఫారం ఈసారి గుమాస్తాకు వదలకుండా ఆడిటరు దగ్గర కూర్చుని మీరే నింపించండి.